గోల్కొండ ఫర్మానా నుంచి లిస్బన్ వీసా దాకా

మా కింద వాటాలో ఉండే పెద్దావిడ ఒకరోజు మెట్ల మీద ఆపి నన్నో ప్రశ్న అడిగింది. నేను అబద్ధం చెప్పాను. ఎందుకు చెప్పానో నాకు నేను సర్దిచెప్పుకోడానికి నాలుగొందల ఏళ్ళు వెనక్కి పోవాల్సొచ్చింది. మీకూ అంత ఓపికుంటే రండి, లేదంటే నేరుగా చివరికి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను.

నేనుండేది లిస్బన్లో, గ్రాసా అనే గుట్ట మీద. 28వ నంబరు ట్రాము మూలుగుతూ ఎక్కే గుట్ట అది. జీతమిచ్చే కంపెనీ అమెరికా తూర్పు తీరంలో ఉంది. వాళ్ళకీ మాకూ అయిదు గంటల తేడా, కాబట్టి పొద్దున్నంతా నాదే. మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే రాత్రి పదింటికి లేస్తాను. ఇలాంటి వాళ్ళని డిజిటల్ నోమాడ్లు అంటున్నారు. తెలుగులో ఏమనాలో నాకు తోచలేదు. దేశదిమ్మరి అంటే మా అమ్మ ఊరుకోదు. "ఉద్యోగముందంటావు, ఆఫీసు లేదంటావు. మరి ఆ ఊళ్ళో నీకేం పనిరా?" అని ఫోన్లో అడుగుతుంది. నిజానికి ఈ ఊళ్ళో నాకు ఏ పనీ లేదు. ఇక్కడ పని లేకపోవడమే నన్ను రానిచ్చిన కారణం. అదెలాగో చెప్తాను.

ఊరొకచోట, పని ఇంకోచోట అన్న ఆలోచన మన తరానిది కాదు. ఆర్థర్ సి. క్లార్కు 1956లోనే ఇంగ్లండు వదిలి సిలోనులో కాపురం పెట్టాడు. 1964లో బీబీసీ వాళ్ళ కార్యక్రమంలో మాట్లాడుతూ, ఇంకో యాభై ఏళ్ళకి మనిషి లండన్లో చేసే వ్యవహారాన్ని తాహితీ నుంచో బాలి నుంచో చేసుకోగలడని చెప్పాడు. గడువు ఇంచుమించు సరిగ్గానే కొట్టాడు. "టెలికమ్యూటింగ్" అన్న మాట 1973లో జాక్ నిల్లెస్ పుట్టించాడు. ఆ ఏడాదే చమురు సంక్షోభం వచ్చింది కాబట్టి, మనిషిని కార్లో ఆఫీసుకి తోలే బదులు పనినే తీగల మీద ఇంటికి పంపొచ్చు కదా అన్న మాట జనాలకి బాగానే ఎక్కింది. 1983లో స్టీవెన్ రాబర్ట్స్ అనే ఆయన ఒహాయోలో ఇల్లూ వాకిలీ వదిలించుకుని, వెనక్కి వాలి తొక్కే సైకిలెక్కాడు. సౌర ఫలకం, ఒళ్ళో పట్టే చిన్న కంప్యూటరు వెంటబెట్టుకుని, దారిలో టెలిఫోను దొరికిన చోటల్లా కంప్యూసర్వ్‌లోకి వెళ్ళి వ్యాసాలు పంపుతూ దాదాపు 10,000 మైళ్ళు తొక్కాడు. 1997లో త్సుగియో మకిమోటో, డేవిడ్ మానర్స్ కలిసి రాసిన పుస్తకానికి "డిజిటల్ నోమాడ్" అనే పేరు పెట్టారు. ఆ మాట అక్కణ్ణించి ఊరూరా తిరిగింది.

ఈ కథలన్నీ నాకిష్టమే. రాబర్ట్స్ సైకిలు ఫోటో ఒకప్పుడు నా కంప్యూటరు తెర మీద ఉండేది. కానీ ఇలాంటి కథల్లో బ్యాటరీల గురించి, మోడెముల గురించి బోలెడుంటుంది గానీ, ఎవడో వచ్చి మన ఊళ్ళో కూర్చుని వేరే దేశం పని చేసుకుంటానంటే ఆ ఊరు ఎందుకు ఒప్పుకుంటుంది అన్నది పెద్దగా ఉండదు. ఆ సంగతి తెలియాలంటే బందరు పోవాలి. మాది పెడన, అంటే బందరుకి కూతవేటు దూరం. అందుకని నాకు ఆ ఊరి చరిత్ర మీద కొంచెం పక్షపాతం ఉంది, క్షమించాలి.

1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చిన ఇంగ్లీషు కంపెనీ మనుషులు మచిలీపట్నంలో ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అంటే గొట్టాలూ పొగా కాదు, ఫ్యాక్టరు అనే గుమాస్తా ఉండే చోటు. ఆ ఓడలో పెద్దమనిషి పీటర్ ఫ్లోరిస్, ఇంగ్లీషు కంపెనీకి పనిచేస్తున్న డచ్చివాడు. డచ్చి కంపెనీ వాళ్ళు అప్పటికే బందర్లో తిష్ఠ వేసున్నారు. యజమానులేమో లండన్లో, ఉద్యోగులేమో బందర్లో, మధ్యలో సముద్రం. ఉత్తరం పోవడానికి ఆరు నెలల పైన, జవాబు రావడానికి మళ్ళీ అంత. (మనం స్లాక్‌లో పది నిమిషాలు ఆలస్యమైతే గింజుకుంటాం.) కంపెనీ ఇచ్చే జీతం తక్కువ, అందుకని ఫ్యాక్టర్లు పక్కన సొంత బేరాలు చేసుకునేవాళ్ళు. కంపెనీ తిట్టేది, మళ్ళీ చూసీ చూడనట్టు ఊరుకునేది. 1618 నుంచి 1622 దాకా అక్కడ పెద్దగా ఉన్న విలియం మెథ్వోల్డ్ తర్వాత గోల్కొండ రాజ్యం గురించి ఒక వివరణ రాశాడు, 1626లో అచ్చయింది. దూరదేశంలో పనిచేసుకుంటూ తీరిక దొరికితే ఆ ఊరి గురించి రాసి పెట్టే అలవాటు కూడా అప్పటిదేనన్నమాట.

అసలు సంగతి 1632లో జరిగింది. అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషు వాళ్ళకి ఫర్మానా ఇచ్చాడు. దాన్ని బంగారు ఫర్మానా అని చెప్పుకుంటారు. గోల్కొండ రేవుల్లో ఏడాదికి 500 వరహాలు సుంకం కట్టేస్తే చాలు, ఇక స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చు. ఎంత వ్యాపారం చేసినా అంతే, ఒకటే మొత్తం. సుల్తాను అమాయకుడేం కాదు. వీళ్ళు తెచ్చేది వెండీ బంగారం, కొనుక్కుపోయేది మన నేతగాళ్ళు నేసిన బట్ట. బయట్నుంచి డబ్బు తెచ్చేవాణ్ణి సుంకాలతో సతాయిస్తే పక్క రేవుకి పోతాడు. అందుకని వాడికి రాయితీ. బందరు బజార్లో చిన్న కొట్టు పెట్టుకున్నవాడికి అలాంటి కాగితం ఎవడిస్తాడు? వాడెక్కడికీ పోలేడు, వాడి డబ్బు ఎప్పుడూ ఊళ్ళోనే ఉంటుంది.

ఆ తర్వాతి కథ మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. ల్యాపుటాపు పట్టుకుని దిగిన ప్రతివాడూ రాబర్ట్ క్లైవు అవుతాడని నా ఉద్దేశం కాదు. ఆ ఫర్మానా వెనకున్న లెక్క మటుకు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

లిస్బన్ ఒకప్పుడు అలాంటి ఫ్యాక్టర్లని పంపిన ఊరు. కొచ్చిన్‌కీ గోవాకీ పోయే మనుషుల లెక్కలు, వచ్చే మిరియాల లెక్కలు ఇక్కడి నది ఒడ్డున కాసా ద ఇండియా అనే ఆఫీసులో రాసేవాళ్ళు. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపంలో ఆ ఆఫీసూ, పక్కనున్న రాజభవనమూ పోయాయి. ఇప్పుడక్కడ ప్రాసా దు కొమెర్సియు అనే పెద్ద ఖాళీ చౌకు ఉంది, జనం ఫోటోలు దిగుతుంటారు. మనుషుల్ని పంపిన ఆ ఊరే ఇప్పుడు మనుషుల్ని రమ్మంటోంది. ఈ రమ్మనడం మొదలై ఎంతో కాలం కాలేదు.

2009లో పోర్చుగల్ ఒక పన్ను పథకం పెట్టింది. అంతకుముందు అయిదేళ్ళు ఈ దేశంలో పన్ను కట్టనివాడు వచ్చి ఇక్కడుంటే, కొన్ని రకాల ఉద్యోగాల మీద వచ్చే ఆదాయానికి పదేళ్ళ పాటు 20 శాతం పన్ను, ఒకటే రేటు. ఊరివాళ్ళకి పై అంచెలో 48 శాతం దాకా పోతుంది. 500 వరహాలు గుర్తొచ్చాయా? 2011లో దేశం దివాళా అంచుకొచ్చి 7,800 కోట్ల యూరోల అప్పు తీసుకుంది. అప్పిచ్చినవాళ్ళు షరతులు పెట్టారు. 2012లో రెండు జరిగాయి. ఒకటి, ఇళ్ళ మీద 5 లక్షల యూరోలు పెట్టేవాళ్ళకి గోల్డెన్ వీసా. రెండోది అద్దె చట్టం. లిస్బన్లో పాత అద్దెలు సలజార్ కాలంలో, 1948 నుంచీ గడ్డకట్టి ఉండేవి. తాత కట్టిన అద్దెకి కాస్త అటూఇటూగా మనవడూ కట్టేవాడు. యజమానులు మరమ్మతులకి డబ్బెక్కడిదని చేతులెత్తేసేవాళ్ళు, గోడలు పెచ్చులూడిపోతుండేవి. అదేం స్వర్ణయుగం కాదు. కొత్త చట్టం ఆ అద్దెల కట్టు విప్పేసింది, ముసలివాళ్ళకి మాత్రం కొంత రక్షణ ఉంచి. 2014లో టూరిస్టులకి రోజువారీ అద్దెకిచ్చుకోడాన్ని తేలిక చేస్తూ ఇంకో చట్టం వచ్చింది. 2016లో వెబ్ సమ్మిట్ డబ్లిన్ నుంచి ఇక్కడికి మారింది. కరోనాలో టూరిస్టులు పోయాక ఖాళీ ఇళ్ళలోకి ఎవరొస్తారు? మావాళ్ళే. 2021 ఫిబ్రవరిలో మదెయిరా దీవిలో పోంత దు సోల్ అనే పల్లెలో ఏకంగా నోమాడ్ల గ్రామమే తెరిచారు. 2022 అక్టోబరు 30 నుంచి మాకంటూ ప్రత్యేకంగా ఒక వీసా పెట్టారు.

ఆ వీసాకి ఉన్న ముఖ్యమైన షరతు ఏంటో తెలుసా? పోర్చుగల్ బయట నుంచి వచ్చే సంపాదన ఇక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లుండాలి. నేనొచ్చిన 2023లో కనీస వేతనం నెలకి 760 యూరోలు, కాబట్టి నాకు 3,040 ఉండాలి. మొదటిసారి చదివినప్పుడు ఎక్సెల్‌లో ఇంకో గడి నింపినట్టు నింపేశాను. ఇక్కడికొచ్చాక ఒకరోజు కాఫీ కొట్టు పిల్ల చిల్లర లెక్కపెడుతుంటే తట్టింది. ఈ అమ్మాయిలాంటి వాళ్ళు నలుగురు నెలంతా నిలబడి సంపాదించేది ఒక్కడి దగ్గరుంటే తప్ప ఆ ఒక్కడికి ఇంటి తలుపు తెరవం అని సాక్షాత్తూ చట్టంలోనే రాసుంది. ఎవరో పత్రికల వాళ్ళు చేసిన పోలిక కాదు, సర్కారు వారి దరఖాస్తు షరతు.

20 శాతం పన్ను పథకానికి నేనూ దరఖాస్తు పెట్టుకున్నా, దాచడమెందుకు. 2024 నుంచి కొత్తగా వచ్చేవాళ్ళకి దాన్ని ఎత్తేశారు. నేను ఆఖరి బస్సెక్కాను. గోల్డెన్ వీసాలో ఇళ్ళు కొనే దారి కూడా 2023లోనే మూసేశారు. అప్పటికే జనం రోడ్డెక్కారు. 2023 ఏప్రిల్ 1న లిస్బన్లో ఇళ్ళ కోసం పెద్ద ఊరేగింపు జరిగింది. నేను వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, ఏదో పండగనుకుని బాల్కనీలోంచి ఫోటో తీశాను.

ఇంకో పాత సంగతి చెప్పాలి. నోమాడ్లు ల్యాపుటాపులు తెరుచుకుని కూర్చునే కాఫీ కొట్లు చూస్తే నాకు 1940 గుర్తొస్తుంది. ఫ్రాన్సు హిట్లర్ చేతికి పోయాక యూరప్ నుంచి బయటపడే దారుల్లో లిస్బన్ రేవు ముఖ్యమైనది. బోర్డోలో పోర్చుగల్ కాన్సులుగా ఉన్న అరిస్టిడెస్ ద సౌజా మెండెస్ ఆ జూన్‌లో సలజార్ ఆజ్ఞని కాదని వేల మందికి వీసాలిచ్చాడు. ఉద్యోగం పోయింది, 1954లో పేదరికంలో చనిపోయాడు. అలా వచ్చినవాళ్ళు రొస్సియో చౌకులో కాఫీ కప్పు ముందు పెట్టుకుని ఓడ టిక్కెట్టు కోసం, ఇంకో దేశం వీసా కోసం ఎదురుచూసేవాళ్ళు. వాళ్ళకిచ్చింది దాటిపోడానికే గానీ ఉండటానికి కాదు. పోలేకపోయినవాళ్ళని కాల్దాస్ ద రైన్యా లాంటి చిన్న ఊళ్ళలో ఉంచి, అక్కణ్ణించి కదలొద్దన్నారు, పని చెయ్యడానికి లేదన్నారు. డబ్బున్నవాళ్ళు ఎస్తొరిల్‌లో సముద్రం ఒడ్డున హోటళ్ళలో ఉన్నారు. ఒకే యుద్ధం, ఒకే దేశం, రెండు రకాల అతిథులు.

నేనూ ఒకప్పుడు ఆ రెండో రకమే. 1999లో అమీర్‌పేటలో కోర్సు చేసి, 2000లో ఒక కన్సల్టెన్సీ పుణ్యమా అని హెచ్ వన్ మీద న్యూజెర్సీ చేరినవాణ్ణి. 1990 చట్టంతో వచ్చిన వీసా అది. ఏడాదికి 65,000 పరిమితిని డాట్‌కామ్ ఊపులో పెంచుకుంటూ పోయి 2001 నుంచి 2003 దాకా 1,95,000 చేశారు. పరిమితి పెంచేసరికి ఉద్యోగాలు పోయాయి, అదో తమాషా. ఆరుగురం ఒక గదిలో బెంచి మీద ఉన్నాం. ఆ రోజుల్లో ఉద్యోగం పోతే గడువనేది ఏమీ లేదు; ఇప్పుడున్న 60 రోజుల వెసులుబాటు 2017లో వచ్చింది. షియాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు హైదరాబాదులోనూ సిడ్నీలోనూ తిరిగి, ఈ బాడీ షాపింగు మీద 2007లో ఒక పుస్తకం అచ్చేశాడు. అందులో ఉన్నది ఎక్కువగా మన తెలుగువాళ్ళే. చదువుతుంటే ఎవరో మా గది గోడకి చెవి పెట్టి విన్నట్టనిపించింది. అప్పుడు నన్ను ఎవరూ నోమాడ్ అనలేదు. చేసిన కోడు అదే, కీబోర్డు అదే. పని ఉన్న దేశానికి మనిషి పోతే వలస కూలీ, పని లేని దేశానికి జీతంతో పోతే నోమాడ్.

ఈ తేడా మా గుట్ట కిందే కళ్ళారా చూడొచ్చు. గ్రాసా నుంచి దిగితే పది పదిహేను నిమిషాల్లో మార్తిం మొనీజ్ వస్తుంది. అక్కడ రూవా దు బెన్‌ఫర్మోజు అని సన్న వీధి. బంగ్లాదేశీ, నేపాలీ, పంజాబీ కొట్లు. కరివేపాకు దొరికేది అక్కడే, అందుకని వారానికోసారైనా పోతాను. సంచి వీపున వేసుకుని సైకిళ్ళ మీద తిరిగే కుర్రాళ్ళు చాలామంది ఆ చుట్టుపక్కలే ఉంటారు. వాళ్ళకి ఒక దారి ఉండేది. వచ్చి, పనిలో చేరి, సామాజిక భద్రత చందా కట్టి, తర్వాత నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 జూన్ 3న ఆ దారి మూసేశారు. ఈ ఊళ్ళో పనిచేసేవాడి తలుపు పడింది. ఊళ్ళో పని చెయ్యని నా తలుపు జోలికి ఆ రోజు ఎవరూ రాలేదు.

అదే ఏడాది డిసెంబరు 19 మధ్యాహ్నం ఆ వీధిలో పోలీసులు సోదా చేశారు. పదుల కొద్దీ మనుషుల్ని గోడకి ముఖం పెట్టించి, చేతులు ఎత్తించి వరసగా నిలబెట్టారు. ఆ ఫోటో దేశమంతా చూసింది. డిసెంబరు 19 అంటే 1961లో గోవా పోర్చుగల్ చేతుల్లోంచి బయటపడ్డ రోజు, కాకతాళీయమే అనుకోండి. (ఆ తేదీకి ముందు గోవాలో పుట్టినవాళ్ళు, వాళ్ళ సంతానం పోర్చుగల్ పౌరసత్వం అడగొచ్చు. చరిత్ర కొందరికి పాస్‌పోర్టిస్తుంది.) 2025 జనవరి 11న వేలమంది మమ్మల్ని గోడకి నిలబెట్టొద్దంటూ ఊరేగారు. ఆ సోదా జరిగినప్పుడు నేను గుట్ట మీద నా గదిలో కాల్‌లో ఉన్నాను. ఒక బటను నీలం ఉండాలా ఆకుపచ్చ ఉండాలా అని అరగంట మాట్లాడుకున్నాం. ఆ వీధిలో నిలబడి ఉంటే నా మొహం చూసి నా వీసా ఏ రకమో ఎవడికి తెలుస్తుంది? అయినా నేను అక్కడ లేను. ఆ టైములో అక్కడ ఉండాల్సిన అవసరం లేకుండానే నాకు జీతం వస్తుంది.

ఇప్పుడు కింద వాటా పెద్దావిడ దగ్గరికొద్దాం. ఎనభై దాటినావిడ. భర్త ట్రాము డ్రైవరుగా చేసి పోయాడు. నేనొచ్చిన కొత్తలో నా చొక్కా చూపించి "బుతావ్, బుతావ్" అంది. చూస్తే బొత్తాం ఊడింది! మన బొత్తాం వీళ్ళదే. అలాగే అలమర, అనాస, పీపా, మేస్త్రీ. నేను ఒక్కో మాట తెలుగులో చెప్తుంటే ఆవిడ పోర్చుగీసులో చెప్తూ చిన్నపిల్లలా నవ్వింది. వేలం పాటని వీళ్ళు "లెయ్‌లావ్" అంటారని కూడా ఆవిడ దగ్గరే తెలిసింది. వీధి చివర పాత భవనం ఒకటి వేలానికి పెడితే ఆ మాట వాడింది. అలా కుదిరింది స్నేహం. అద్దెల చట్టం వచ్చేనాటికే 65 దాటేసింది కాబట్టి ఆవిడది ఇంకా పాత అద్దె లాంటిదే, నెలకి వంద లోపు.

ఒకరోజు మెట్ల మీద ఆపి, నువ్వెంత కడుతున్నావు అనడిగింది. నేను కట్టేది 1,300. నోరు తెరిచేసరికి 700 అని వచ్చేసింది. ఆ 700కే ఆవిడ గుండెల మీద శిలువ గుర్తేసుకుంది.

తర్వాత ఏడాది పైన అయ్యాక ఆవిడ కొడుకొచ్చాడు. నా వయసువాడే, నదికి అవతల బరెయిరులో ఉంటాడు, రోజూ స్టీమరెక్కి ఈ ఒడ్డుకొచ్చి బస్సు నడుపుతాడు. తల్లి ఇంట్లో కుళాయి బాగుచేస్తూ, పై వాల్వు కట్టాలని మా ఇంట్లోకొచ్చాడు. వాల్వు ఎక్కడుందో నాకు తెలీదు. అతను నేరుగా వంటింటి తలుపు వెనక్కి చెయ్యి పెట్టి తిప్పేశాడు. అప్పుడు చెప్పాడు, పెళ్ళయినప్పట్నుంచీ ఈ ఇంట్లోనే ఉన్నారట. 2015లో యజమాని ఒప్పందం మళ్ళీ రాయలేదు. టూరిస్టులకిచ్చాడు. టూరిస్టులు పోయాక నాలాంటి వాళ్ళకిచ్చాడు. తలుపు చట్రం మీద వాళ్ళమ్మాయి ఎత్తు కొలిచిన గీతలు రంగు కింద ఇంకా కనిపిస్తున్నాయి. నేనెప్పుడూ చూడలేదు వాటిని.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అద్దె 1,300 అని చెప్పేశాను, మీ అమ్మగారికి తక్కువ చెప్పానని కూడా.

"తెలుసు," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "నువ్వు రాకముందు ఈ ఇంటి ప్రకటన నెట్లో వస్తే అమ్మకి నేనే చూపించా."

మర్నాడు ఆవిడ ఒక గిన్నెలో అనాస ముక్కలు తెచ్చిచ్చింది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదంటుంది మా అమ్మ. అందులో ఏం పెట్టివ్వాలో తోచక అది ఇంకా నా దగ్గరే ఉంది.